మాష్టారూ, ఆయన బైకార్బనేటూ

మా మాష్టారికి ఉన్నది ఒకటే జబ్బు. కిడ్నీలు చెడిపోవడం కాదు, మా డయాలిసిస్ గదిలో పడుకున్నవాళ్ళందరికీ అది ఉన్నదే. ఆయన జబ్బు బైకార్బనేటు. నోరు తెరిస్తే అదే పాఠం.

నేను అక్కడ నర్సుని. దబ్బనాల్లాంటి సూదులు చేతికి గుచ్చి మనిషిని మిషనుకు కట్టడం నా పని. దేవుణ్ణి తలుచుకోకుండా ఏనాడూ సూది ఎత్తలేదు. నేనలా తలుచుకుంటానో లేదో, పక్క మంచం మీంచి మాష్టారు అందుకునేవారు.

"ఇంతకీ కిడ్నీలో గొట్టం ఏం చేస్తుందంటే..."

"అబ్బా, మొదలెట్టారూ!" అని నా ముందు చెయ్యి చాపి పడుకున్న లారీ డ్రైవరు పళ్ళు కొరికేవాడు.

"ఒంట్లో పోగయ్యే ఆమ్లాన్ని విరిచేది బైకార్బనేటు. అది రక్తంలోంచి జారి గొట్టంలో పడితే, గొట్టం వదలదు. వెనక్కి లాక్కుంటుంది. ఆమ్లం మరీ ఎక్కువైతే కొత్తది కూడా తయారుచేస్తుంది."

"మీ నోరు కూడా వెనక్కి లాక్కోండి మాష్టారూ!"

ఓసారి డ్రైవరు దిండు విసిరాడు. మాష్టారు దాన్ని తల కింద పెట్టుకుని హాయిగా పడుకున్నారు.

తర్వాత ఒక రోజు డ్రైవరు రాలేదు. మా గదిలో రాలేదంటే, ఎందుకని ఎవరూ అడగరు. నేను దుప్పటి మార్చాను. ఆ దిండు మాత్రం మాష్టారు తిరిగివ్వలేదు.

ఆ మంచం మీదకి దర్జీ ఆవిడ వచ్చింది. మొదటి సూదికే గావుకేక పెట్టింది. ఆ తర్వాత వచ్చిన రోజు చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది.

"వద్దు సిస్టర్. ఇంటికి పోతాను. పోతే పోనీ ప్రాణం."

అప్పటికే ఆమ్లం పెరిగి రొప్పుతోంది. ఇంటికి పోతే ఇక రాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఎంత బతిమాలినా వినలేదు.

"బైకార్బనేటు కిడ్నీ గొట్టం గోడ ఎలా దాటుతుందో తెలుసా?" అన్నారు మాష్టారు.

"నాకక్కర్లేదు!"

"ఉన్నదున్నట్టుగా దూరలేదు. విడిపోయి నీరూ, బొగ్గుపులుసు వాయువూ అవుతుంది. లోపలికి వెళ్ళాక మళ్ళీ బైకార్బనేటు అవుతుంది. చొక్కా కుట్లు విప్పి, కిటికీలోంచి ముక్కలు అందిస్తే, అవతల మళ్ళీ కుట్టినట్టన్నమాట. మీ కుట్టులా కాదులెండి, తిన్నగా కుడుతుంది."

"ఏమన్నారూ?" ఆమె దిగ్గున లేచి కూర్చుంది. దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చి మాష్టారి మీదకి వెళ్ళింది. "నా కుట్టు వంకరా? మీరెప్పుడు చూశారూ?"

"ఒంటి మీదుందిగా, చూస్తూనే ఉన్నాను."

ఆమె తిట్లు అందుకుంది. నేను చెయ్యి అందుకున్నాను. సూది దిగింది, మిషను తిరిగింది, తిట్లు ఆగలేదు. మాష్టారు ఏమీ ఎరగనట్టు కళ్ళు మూసుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది: సూది దిగాక ఆ పాఠం ఒక్క ముక్కైనా ముందుకు సాగిన రోజు లేదు.

ఆయన సూది వంతు ఎప్పుడూ ఆఖరే. అలా అడిగి పెట్టించుకున్నారు. ఆ వేళకి ఆయనకి పాఠం చెప్పేవాళ్ళు ఉండరు. డ్రైవరు దిండు మూల పిడికిట్లో బిగించుకుని, గోడకేసి చూసేవారు.

దర్జీ ఆవిడ మళ్ళీ వచ్చింది, పోట్లాట పూర్తి చేయడానికే వచ్చానంది. ఆ రోజు నేను మాష్టారి చెయ్యి పట్టుకుని సూది ఎత్తగానే, అప్పటికే మిషనుకు కట్టి ఉన్న ఆవిడ గొంతెత్తింది.

"మాష్టారూ, మీ బైకార్బనేటు గోడలో తలుపు తీసుకుని ఠీవిగా వెళ్ళిపోతుందన్నారు కదూ?"

"తలుపా!" దిండు వదిలేసి ఇటు తిరిగారు మాష్టారు. "తలుపెక్కడిదమ్మా? విడిపోవాలి, విడిపోవాలని మొన్న గొంతు చించుకున్నాగా!"

"ఏమో, నాకు తలుపనే గుర్తు."

"సిస్టర్! ముందీవిడకి చెవి పరీక్ష చేయించండి!"

"అలాగే మాష్టారూ," అన్నాను, దిగిన సూది మీద ప్లాస్టరు అంటిస్తూ.