మూడో అంతస్తు అబా

మా ఇంట్లో అద్దెకుండే అబా శుక్రవారం పొద్దున్న పోయాడు. టీ పట్టుకెళ్లి పిలిస్తే పలకలేదు. బర్మాలో, ఈ లమ్మడా పేటలో మా వీధి ఆయన్ని చాలాకాలం వెలివేసినట్టే చూసింది. ఆయన మన మనిషేనని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. నాకు అక్షరం రాదు, మనవరాలు రాస్తోంది.

ఆయన సైన్యంలో మామూలు సిపాయి. మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కింద పోయింది. మాజీ సైనికుల ఆఫీసు ఆయన అద్దెలో కొంత నేరుగా నాకే కట్టేది. కాగితాలు, తనిఖీలు ఎవరు పడతారని అలాంటివాళ్లకి ఎవరూ గది ఇవ్వరు. నేనిచ్చాను. మూడో అంతస్తయ్యా అంటే, "మెట్లెక్కడం నా పని, అద్దె తీసుకోవడం మీ పని, అమే" అని నవ్వాడు. బర్మా మాటలో అమే అంటే అమ్మే.

వరండాలో కూర్చుని నాకు వెల్లుల్లి ఒలిచిపెట్టేవాడు. వీధిలోకి వేలాడేసిన తాడుకి రొట్టెలవాడు పొట్లం తగిలిస్తే పైకి లాగేవాడు. "నా చెప్పుల జతలో ఒకటెప్పుడూ కొత్తదే" అనేవాడు.

మనవరాలి వరసన నేనూ ఆయన్ని అబా అన్నాను, తాత అని. సిపాయిలు తమ పెద్ద పెద్ద అధికారుల్ని కూడా అబా అనే పిలుస్తారు. తర్వాత సైన్యం గద్దె లాక్కుంటే, ఆ కోపంతో ఊరంతా గిన్నెలు మోగించే రోజులొచ్చాయి. ఫోన్లు మూగబోయాయి, ఎవరి గడప వాళ్లదైంది. అప్పుడు నేను వరండాలోంచి "అబా!" అని కేకేస్తే, మామ్మ జనరల్‌ని దాచిందని వీధిలో పుకారు లేచింది.

కింద అంతస్తు వాళ్ల కోడలు, మన శ్రీకాకుళం వాళ్ల పిల్లే, మెట్ల మీద నన్ను నిలేసింది.

"మామ్మా, ఆ అబాని ఎప్పుడు పంపేస్తావు?"

"ఎందుకే పంపడం?"

"పిల్లల్ని కాల్చినోళ్ల మనిషి కాదేటి?"

"ఒంటికాలు, ఓ రేకుపెట్టి. ఏ జనరల్‌కి ఇలాగుంటాదే? నీ మొగుణ్ణి పంపు, ఒచ్చి సూసుకుంటాడు."

ఆ పిల్ల నవ్వలేదు. మర్నాటి నుంచి రొట్టెలవాడు మా తాడు ముట్టుకోలేదు.

ఇంతలో ఆఫీసు మనిషి వచ్చాడు. వార్డు కాపలాకి రావాలి, రాకపోతే అద్దె సాయం ఆపేస్తాం అన్నాడు. అబా గొంతు పెంచలేదు. "గిన్నెలు కొట్టే ఆడవాళ్ల మీద నేను కాపలా కాయను" అన్నాడు. సాయం ఆగింది. అబా రేకుపెట్టి సర్దుకున్నాడు. నేను మెట్లకి అడ్డంగా కూర్చున్నాను.

"అద్దె తీసుకోవడం నా పని అన్నావు కదా. తీసుకోను. పద లోపలికి."

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే గొప్పలు పోయినట్టుంటుందట. బతికున్నన్నాళ్లూ ఆ మాట నిలబెట్టాను. శుక్రవారం మాత్రం మెట్ల మీద నిలబడి అంతస్తు అంతస్తుకీ వినబడేలా చెప్పాను.

కోడలు పైకొచ్చింది. "ముందే సెప్పొచ్చు కదేటి, మామ్మా!"

"నువ్వడిగితే కదే!"

ఆ పిల్ల గదిలోకి తొంగిచూసి, కళ్లు తుడుచుకుని, మొగుణ్ణి కేకేసింది. అతను ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు.

మా మెట్లు ఇరుకు. మలుపు దగ్గర శవపేటిక తిరగలేదు. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని దాన్ని నిలువునా ఎత్తారు. కోడలి మొగుడు కిందవైపు భుజం ఆనించాడు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వాళ్లందరి గుమ్మాల ముందు నుంచి అబా నిలబడే దిగాడు.