కుడిచేతి వైపు కొండ

యాంగూన్ నుంచి బస్సు ఉదయం ఏడింటికి. మేము ఆరింటికే స్టాండులో ఉన్నాం. నా సంగతి నాకు తెలుసు, ఆలస్యమైతే రోజంతా ఎవరో ఒకరి మీద విరుచుకుపడతాను. మేమంటే నేనూ, మా అమ్మాయి సంధ్యా. నాకు యాభై ఎనిమిదేళ్లు, చిమిండైంగ్ బజారులో పప్పుల కొట్టు. తనకు ఇరవై ఆరు, ఆఫీసు ఉద్యోగం.

ఈ ప్రయాణానికి కారణం ఒక మొక్కు. సంధ్యకు నాలుగో ఏట డెంగీ వచ్చి డాక్టర్లు పెదవి విరిచిన రోజున, "అప్పన్నా, పిల్ల లేచి కూకుంటే నీ కొండ సుట్టూ నడుత్తాను" అని ఆస్పత్రి వరండాలో మొక్కుకున్నాను. సింహాచలం గిరిప్రదక్షిణ అన్నమాట. మా తాతలు ఆ చుట్టుపక్కల ఊరి నుంచే బర్మా వచ్చారు. పిల్ల లేచింది, నేనే కదల్లేదు. కొన్నేళ్లు కొట్టు, కొన్నేళ్లు పాస్‌పోర్టు, ఆ తర్వాత కరోనా, ఆపైన దేశంలో గొడవలు. చివరికి మా గుడి పూజారిగారు, "కొండ ఏదైనా అప్పన్నదేనమ్మా, తిరిగే కాళ్లు మాత్రం నీవై ఉండాల" అన్నారు. క్యౌక్‌పడౌంగ్ ఊరి దగ్గర ఒక ఎండుకొండ చుట్టూ నాలుగు గంటల కాలిబాట ఉందని సంధ్య ఫోన్లో వెతికి పట్టింది. మొక్కు ఉందని తనకు తెలుసు, ఎవరి కోసమో తెలియదు. పిల్ల నెత్తిన బరువు పెట్టడం ఇష్టం లేక నేనెన్నడూ చెప్పలేదు.

దారిలో రెండు చోట్ల సైనికులు బస్సు ఆపి గుర్తింపు కార్డులు చూశారు, మీరు వెళితే దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం బస్సు ఆగిన చోట కూరల్లో నూనె తేలుతోంది, మేము మా పులిహోర విప్పాం. పక్క సీటులోని బర్మా ముసలావిడకు కొంచెం పెడితే, "అబ్బో, ఇంత పులుపా!" అని కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ చెయ్యి చాపింది. సాయంత్రం అయిదున్నరకు దిగాం. గెస్ట్‌హౌస్ గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది.

మర్నాడు అయిదున్నరకు దారి చూపించే కో టున్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, తాటిచెట్లెక్కి కల్లు గీసే కుటుంబం. ఎర్రమట్టి, ముళ్లపొదలు, దూరదూరంగా తాటిచెట్లు, అడుగేస్తే పొడి దుమ్ము. వానలో నానే యాంగూన్ వాళ్లం, నోరు అంత తొందరగా ఎండుతుందని అనుకోలేదు. తలా మూడు సీసాల నీళ్లు లేనిదే బయల్దేరకండి.

గంట నడిచాక కొండ మీది తెల్లటి పగోడాను సంధ్యకు చూపించబోయి చెయ్యెత్తాను. ఎత్తింది ఎడమ చెయ్యి. కొండ నాకు ఎడమ పక్క ఉంది! గంట నుంచీ అప్రదక్షిణం చేస్తున్నాను. మావాళ్లు అలా తిరిగేది శవం చుట్టూనే. కొండ ఏ పక్కుందో బయల్దేరేటప్పుడు చూసుకోనక్కర్లేదా నేను? నా బుద్ధి గడ్డి తింది.

"వెనక్కి తిరగండి," అన్నాను.

"ఏటమ్మా ఇది! గంట నడిచీసాం. రౌండే కదా, ఎటు తిరిగితే ఏటి? ఎవరు చూస్తారు?" సంధ్య గొంతు లేచింది.

"కొండ సూత్తాది. ఎవుల మొక్కనుకున్నావే? నీదే. నాలుగేళ్లప్పుడు నువ్వు కళ్లు తెరవకపోతే మొక్కీసినాను. నీ పేర ఎడమగా తిరగమంటావా?"

పిల్ల గిర్రున కో టున్ వైపు తిరిగింది. బర్మీస్‌లో అతనికి మొక్కు సంగతి చెప్పింది. అతను తల పట్టుకున్నాడు. "పగోడా చుట్టూ తిరిగినట్టా? ముందే చెప్పొద్దా ఆంటీ! మేమూ కుడిగానే తిరుగుతాం. ఆంటీ మోకాళ్లకు తేలికని ఇటు తెచ్చాను. అటు నుంచైతే నిట్టనిలువు ఎక్కుడు, పైగా ఎండ."

"ఎండకి నేను కొత్తా?" అన్నాను. కొత్తేనని తర్వాత తెలిసింది.

ఎనిమిదింటికి మొదలుపెట్టిన చోటికే వచ్చి, చెప్పుల దుమ్ము విదిల్చి, కొండకు దండం పెట్టి, కుడిచేతి వైపు పెట్టుకుని మళ్లీ బయల్దేరాం. పదిన్నరకు ఆ ఎక్కుడు వచ్చింది. ఇరవై అడుగులు, ఒక ఆగుడు. మోకాలు ఉబ్బింది. కో టున్ జాలిపడి, పైదాకా మోటార్‌సైకిల్ వస్తుందని ఫోన్ తీశాడు. ఒప్పుకుందామని నిజంగా అనిపించింది, అబద్ధమెందుకు? నేను నోరు తెరిచేలోపే సంధ్య అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు. కాళ్లు మా అమ్మవై ఉండాల." ఆ మాటతో నాకు రోషం వచ్చింది. దారిలో దొరికిన కర్ర పట్టి, పళ్లు బిగించి, ఒక్కో రాయే ఎక్కాను. ఒంటిగంటకు పది నిమిషాలుండగా చుట్టు పూర్తయింది. ఏడ్చానా అంటే ఏడ్చాను, అది నా ఇష్టం.

మర్నాటి బస్సులో నేను కుంటుతూ ఎక్కుతుంటే ముందు సీటు ఆవిడ ఏమైందని అడిగింది. నేను చెప్పేలోపే సంధ్య, బస్సంతా వినపడేలా, బర్మీస్‌లో అంది: "ఈవిడ మా అమ్మ. నా కోసం కొండ చుట్టి వచ్చింది."

బడి రోజుల్లో నా బొట్టూ చీరా చూసి స్నేహితులు నవ్వుతారని నాకు పదడుగులు ముందు నడిచిన పిల్ల ఇది. బస్సులో తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను చీర కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చున్నాను. కాళ్లు నొప్పిగా ఉన్నాయా అని ఆవిడ మళ్లీ అడిగింది.

"ఏ కాళ్లు?" అన్నాను.