ఖోకా గీత దాటిన రోజు

జనవరిలో, ఉదయం ఆరున్నరకు బహ్రెయిన్‌లో దిగాను. చలిగాలి, పదహారు డిగ్రీలు. సామాను: ఒక ట్రంకు పెట్టె, రెండు జతల బూట్లు, పదిహేడేళ్లు సైన్యంలో తుపాకులు బాగుచేసిన చేతులు. గది గుదైబియాలో. పని కర్జకాన్ దాటాక, ఎడారిలో, ఒక క్లబ్బు వాళ్ల కాల్పుల మైదానంలో. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు తూటాలు చేత్తో నింపడం నా డ్యూటీ. పేలిన ఇత్తడి గుల్లను కడిగి, అడుగున మందుకు నిప్పంటించే కొత్త ప్రైమర్ బిళ్ల ఎక్కించి, మందు తూచి పోసి, గుండు బిగించాలి. ఆ గుల్లను సైన్యపు అలవాటున ఖోకా అంటాం.

నేను నింపినవి కాల్చి చూసేవాడు యాకూబ్. నిజామాబాద్ వాడు. అతనూ మాజీ సైనికుడే, నాకంటే పదేళ్లు చిన్న. మొదటిరోజే నా కోతలు మొదలుపెట్టాను.

"ఖోకా వాసన చూసి, కాల్చినవాడు పొద్దున్న ఏం తిన్నాడో చెప్పేస్తాను తమ్ముడూ."

"గట్లయితె నేనేం తిన్ననో చెప్పన్నా."

"ఉల్లిపాయ."

"దానికి ఖోకా ఎందుకే, నా నోరు చాలదా!"

వాసన సంగతి ఉత్తిదే. ఖోకా మాట్లాడుతుందన్నది మాత్రం నిజం. లోపల ఒత్తిడి మితిమీరితే ప్రైమర్ గుండ్రటి అంచు పోయి అప్పడంలా చదునవుతుంది. అడుగున, రైఫిల్ దాన్ని బయటికి నెట్టేచోట, మెరిసే అచ్చు పడుతుంది. ఖోకాను వెనకనుంచి మూసి ఉంచే బోల్టు దురుసుగా వెనక్కి కొడుతుంది. ఖోకా రోజూ పడేచోటు దాటిపోతుంది. సెమీ ఆటోమేటిక్‌లో ప్రైమర్ ఒక్కటే చూసి ధైర్యపడకూడదు, అన్నీ చూడాలి. ఏ ఒక్కటి కనబడ్డా కాల్పులు ఆపాలి. ఎంతోమందికి బల్లగుద్ది చెప్పిన పాఠమిది.

ఊసుపోక ఆట పెట్టింది నేనే. ఖోకాలు పడేచోటికి కాస్త అవతల సున్నంతో గీత గీశాను. దాటితే టీ నేను తాగించాలి, దాటకపోతే అతను. ఆరునెలలు అతనే తాగించాడు.

జూలైలో ఒక గురువారం. ఉదయం పది, నలభై ఆరు డిగ్రీలు. మందు పాళ్లు జనవరిలో కుదిర్చినవే. తూటాల పెట్టె పికప్ వెనక, కాలిన రేకు మీద, గంటన్నర ఎండలో ఉంది. వేడికి మందు ఒత్తిడి పెరుగుతుందని నాకు తెలుసు. చలికాలపు పాళ్లను వేసవిలో మళ్లీ సరిచూడాలనీ తెలుసు. నేను వంద గజాల వెనక, ఏసీ గదిలో, చేతిలో వాకీటాకీతో ఉన్నాను.

మొదటి తూటా. "అన్నా, దాటింది! చాయ్ తే!"

"ఒకటి దాటితే పండగా? గాలికి పోయుంటుంది."

రెండోది. "గీతకి మూడు గజాలవతల పడ్డదే!"

"అదేం దూరం? సౌదీలో పడాలి. దాని వీసా నేను చూసుకుంటాను."

పక్కనున్న రేంజి ఆఫీసర్, బహ్రెయినీ, నవ్వి, కానివ్వమన్నట్టు "యల్లా" అన్నాడు. వాకీటాకీలో మళ్లీ యాకూబ్ గొంతు, నెమ్మదిగా.

"బోల్టు గట్టిగ కొడ్తుందన్నా. ఆపాల్నా?"

ఆపమంటే అయిపోయేది.

"గెలిచి పారిపోతావా? ఇంకోటి వెయ్యి."

మూడో చప్పుడు వేరుగా వచ్చింది. పొడిగా, పగిలినట్టు.

ఖోకా అడుగు చీలింది. వేడి గాలి, ఇత్తడి ముక్కలు వెనక్కి తన్నాయి. చెమటకు మసకబారాయని కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడట. కుడి కన్ను.

అంబులెన్స్ వెళ్లాక, గీత అవతల పడిన మొదటి రెండూ ఏరాను. రెండింటి ప్రైమర్లూ చదును. రెండింటి అడుగునా మెరిసే అచ్చు. వంద గజాలు నడిచి, వంగి చూసుంటే సరిపోయేది.

ఆఫీసర్ కాగితమిస్తే ఉన్నదున్నట్టు రాసిచ్చాను. చదివి, "ఇదీ నీ కోతల్లో ఒకటేనా భాయ్?" అని అడిగాడు. కాదన్నాను. నా ముఖం చూశాడు. "ఖలాస్," అన్నాడు.

ఆగస్టులో ఇద్దరినీ ఒకే విమానంలో ఇంటికి పంపారు. ఆసుపత్రిలోనూ, ఆ విమానంలోనూ యాకూబ్ నన్నొక్క మాట అనలేదు. భోజనం వచ్చింది. అతను నీళ్ల సీసా మూత తీశాడు.

"నేను పోస్తాలే తమ్ముడూ."

"చేతులు మంచిగనే ఉన్నయ్ గదన్నా."

సీసా వంచాడు. ఉన్న ఒక్క కన్నూ గ్లాసు మీదే పెట్టి, ఒలకకుండా, శ్రద్ధగా పోస్తున్నాడు. నీళ్లు గ్లాసుకు అంగుళం ఇవతల, పళ్లెంలో పడుతున్నాయి.