సాంచాలు ఆగిన వారం

బతుకుదెరువుకు వచ్చిన భేస్తాన్‌లో మా గదికీ కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. గోడ అవతల సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, రాత్రీ పగలూ నడిచేవి. మా మంచం ఆ గోడకే ఆనుకుని ఉండేది. ఇంకోచోట వేస్తే తలుపు తెరుచుకోదు. పెళ్లయి వచ్చిన కొత్తలో గిన్నెలు వాటంతటవే జరుగుతుంటే భయమేసేది. తర్వాత ఆ మోత చెవులకు వినిపించడం మానేసింది. ఒంట్లోకి మాత్రం వస్తూనే ఉండేది. కూర్చున్నా పడుకున్నా సన్నటి వణుకు.

నాకిక పిల్లలు కారని అందరూ ఆశ వదిలేశాక, నలభైకి దగ్గరపడ్డాక, కడుపు పడింది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి కాబట్టి నెలలు నిండేలోపు వచ్చి తీసుకుపోతానని అమ్మ సిరిసిల్ల నుంచి ఫోన్ చేసింది. బిడ్డ కదలికల గురించి ఆమెకు రోజూ చెప్పేదాన్ని. మంచం మీద పక్కకు తిరిగి పడుకుంటే చాలు, పొట్టంతా ఒకటే కదలిక, ఆగేదే కాదు. అమ్మ నవ్వేది.

"పొట్టలనే డ్యూటీ ఎక్కినట్టుంది. నీ మొగనికంటె నయం. ఆయన నడుమల బీడీకన్నా లేస్తడు."

అమ్మ రాకముందే కరోనా వచ్చింది. రైళ్లు ఆగాయి. సాంచాలూ ఆగాయి.

మొదట నా చెవులే పోయాయనుకున్నాను. కాసేపటికి కుళాయి చుక్క పడడం వినిపించింది, పక్క గల్లీలో ఎవరో దగ్గడం వినిపించింది. మధ్యాహ్నం మంచం మీద పడుకుని పక్కకు తిరిగాను. పొట్టలో ఏ కదలికా లేదు.

నిద్రపోతున్నట్టుంది అనుకున్నాను. లేచి చక్కెర నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. మరునాడూ అంతే. మా ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, పండుకున్నది గావచ్చు అన్నాడు. ఆ మాట అన్నాడే గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఎవరిదో బండి అడిగి తెచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకుపోయాడు. చౌరస్తాలో పోలీసు లాఠీ ఎత్తి, నా పొట్ట చూసి దించాడు. ఆస్పత్రి గేటు దగ్గర మా ఆయనను ఆపేశారు. లోపల ప్రతి తలుపు మీదా ఏదో రాసి ఉంది. నాకప్పుడు చదువు రాదు. నర్సు చెయ్యి ఎటు చూపితే అటు నడిచాను.

డాక్టరమ్మ ప్లాస్టిక్ సూటులో ఉంది. కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఎప్పటి నుంచి కదలడం లేదని హిందీలో అడిగింది. సాంచాలు ఆగినప్పటి నుంచి అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి, బల్ల మీద పడుకోబెట్టి, బిడ్డ కదిలినప్పుడల్లా వేలెత్తమంది.

ఆ బల్ల వణకలేదు. ఆ బల్ల కింది నేల వణకలేదు. వేలు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. అప్పుడు నాకు తెలిసింది, నెలల తరబడి నేను అమ్మకు చెప్పి మురిసిపోయింది గోడ అవతలి సాంచాల వణుకు గురించి. బిడ్డ తన్నితే ఎలా ఉంటుందో నాకు అసలు తెలియదు. మొన్నటి నుంచి కదలడం లేదో, మొదటి నుంచీ కదలనే లేదో కూడా తెలియదు. వేలు ఎప్పుడెత్తాలో తెలియక అలాగే పడి ఉన్నాను.

డాక్టరమ్మ చల్లటి జిగురు పూసి, చిన్న యంత్రం పొట్ట మీద పెట్టి వెతికింది. చాలాసేపు వెతికింది. అప్పుడు దడదడమని చప్పుడు వచ్చింది. గుండె కొట్టుకుంటోంది అంది. కానీ ఉమ్మనీరు తగ్గిందనీ, నా వయసు కూడా ఎక్కువనీ, ఇక ఆగకూడదనీ, ఇవాళే నొప్పులు తెప్పిస్తాననీ అంది.

నొప్పులు తెప్పించడం ఏమిటో నాకు అర్థం కాలేదు. మా అమ్మకు నొప్పులు వాటంతటవే వచ్చాయి. మా అక్కలకూ అంతే. ముందు ఒక మాత్ర పెట్టారు. తర్వాత సెలైన్ సీసా తగిలించి అందులో మందు కలిపారు. నర్సు వచ్చి పైపు మీది చిన్న చక్రాన్ని వేలితో తిప్పి చుక్కల వేగం పెంచేది. కాసేపటికి నొప్పి పెరిగేది. మళ్లీ వచ్చి తిప్పేది. నా నొప్పి ఆమె వేలి కింద ఉంది. ఊపిరి పీల్చుకునే సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి వచ్చాయి. పట్టుకోవడానికి మనిషి చెయ్యి లేదు, మూతికి మాస్కు. అరిచాను. మా గల్లీలో మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఇక నిజంగా అరిస్తే ఎలా ఉంటుంది! ఇక్కడ చెవిటివాళ్లెవరూ లేరమ్మా అని నర్సు అంది.

ఆడపిల్ల. వెంటనే ఏడవలేదు. వీపు రుద్దారు, అరికాళ్ల మీద కొట్టారు. అప్పుడు సన్నగా ఏడ్చింది. తెచ్చి చూపిస్తే నేను ముఖం కంటే ముందు కాళ్లు చూశాను. కదులుతున్నాయి. ఇంటికి పంపేటప్పుడు, చెవుల పరీక్ష ఒకటి మిగిలిందనీ, కరోనా వల్ల ఆ గది మూసేశారనీ, తర్వాత తీసుకురావాలనీ చెప్పారు. ఆ మాట నా తలకెక్కలేదు.

ఇంట్లో నేను పోరిని కాళ్ల మీద పడుకోబెట్టుకుంటే మా ఆయన నీళ్లు పోసేవాడు. ఎట్లా పోయాలో అమ్మ ఫోన్‌లో చెప్పేది. నా అల్లునికి ఇన్నేండ్లకు మంచి కొలువు దొరికిందనేది. పోరి నిద్రపోయేది కాదు. పడుకోబెడితే చాలు, లేచేది. అందుకని మేమిద్దరం పిల్లుల్లా తిరిగాం. గిన్నె దించాలంటే కింద గుడ్డ వేసి దించేదాన్ని. మా ఆయన చెవులు సాంచాల దగ్గర సగం పోయాయి. గుసగుసలు ఆయనకు వినపడవు కాబట్టి సైగలు చేసేదాన్ని.

వానలు మొదలయ్యే వేళకు కార్ఖానా సేఠ్ సాంచాలు మళ్లీ నడిపించాడు. నేను బయట కుళాయి దగ్గర ఉన్నాను. ఒక్కసారిగా మోత లేచింది. బకెట్ అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను. పోరి ఉలిక్కిపడి గుక్కపట్టి ఉంటుందనుకున్నాను.

గోడ పక్కన, మంచం మీద, పోరి హాయిగా నిద్రపోతోంది. వేలు కూడా కదల్చలేదు.

చెవుల పరీక్ష మిగిలిందన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పోరి తల దగ్గర చప్పట్లు కొట్టాను. ఆ మోతలో నా చప్పట్లు నాకే వినిపించలేదు. పళ్లేన్ని గరిటెతో కొట్టాను. లేవలేదు. ఇన్నాళ్లలో ఏ చప్పుడుకైనా ఉలిక్కిపడిందా అని గుర్తు చేసుకున్నాను. మేము చప్పుడు చేస్తే కదా.

అమ్మకు చెబితే, సాంచాల పిల్ల సాంచాలకు భయపడుతదా, పండుకుంటె సంతోషపడు అంది. మా ఆయనకు అన్నం పెట్టేటప్పుడు చెప్పాను. ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు.

"నా చెవులే వచ్చినయా పోరికి?"

ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఆ గది ఇంకా తెరవలేదన్నారు.

ఆ వారంలోనే, ఒక పగటి పూట పెద్ద వాన పడి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పోరి రెండు చేతులూ చాచి, కళ్లు తెరిచి గుక్కపట్టింది. నాకు సంతోషం కలగలేదు. మంచం వణుకు ఆగినందుకు లేచిందేమో. ఆ వణుకు చెవులతో పని లేకుండా ఒంటికి తెలుస్తుంది. ఒకసారి దాని చేతిలో మోసపోయినదాన్ని.

అందుకని పోరి తల వెనక నిలబడ్డాను. ముట్టుకోలేదు, మంచాన్ని కూడా ముట్టుకోలేదు.

"ఓ బిడ్డా" అన్నాను.

ఏడుపు ఆగింది. కళ్లు పైకి, నా గొంతు వైపు తిరిగాయి. నేను అవతలి పక్కకు పోయి మళ్లీ పిలిచాను. కళ్లు అటు వచ్చాయి.

అప్పుడే మా ఆయన కార్ఖానా నుంచి తడుస్తూ వచ్చాడు.

"వింటాంది" అన్నాను.

"ఆఁ?" అన్నాడు.

"పోరి వింటాంది!"

తల తుడుచుకోకుండానే మంచం దగ్గరికి వచ్చి, పోరిని తనే ఒకసారి పిలిచాడు.

చెవుల పరీక్ష తర్వాత చేయించాం, బాగున్నాయన్నారు. ఇప్పుడు పోరి బడికి పోతోంది. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ పరీక్ష కాదు. ఆ పగలు కరెంటు తిరిగి వచ్చాక, సాంచాలు మళ్లీ మొదలై పోరి కళ్లు మూతలు పడుతుంటే, నేను మంచం పక్కన కూర్చున్నాను. ఒక చెయ్యి మంచం పట్టె మీద, ఒక చెయ్యి పోరి పొట్ట మీద. పట్టె వణుకుతోంది. పొట్ట లేస్తూ పడుతోంది. రెండూ వేరువేరని నా చేతులకు తెలిసేదాకా అలాగే కూర్చున్నాను.