నాయన చప్పట్లు

చచ్చిపోయినవాళ్ళు తిరిగి వస్తారంటే నేను ఏనాడూ నమ్మలేదు. నాకు ధైర్యం ఎక్కువై కాదు, నేర్చుకున్న బైబిలు వాక్యం దానికి ఒప్పుకోదు. మృతులు నిద్రలో ఉంటారు, కడబూర మోగేదాకా లేవరు అని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదే నేను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, తాయెత్తు వద్దని చెప్పి ప్రార్థన చేసి వచ్చేదాన్ని. కాబట్టి ఇది చదివి నా విశ్వాసం సడలిందని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎందుకు జరిగిందో చెప్పడం నా వల్ల కాదు.

మాది కడప జిల్లాలో కమలాపురం దగ్గర ఒక పల్లె. మా నాయన దేవదానం రాళ్ళ క్వారీలో మందు పెట్టి పేల్చే పని చేసేవాడు. నేను హైస్కూలుకు వచ్చేసరికే ఆయన చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు.

అయినా ఆదివారం చర్చిలో ముందు వరసలో చాప మీద ఆయనే ఉండేవాడు. సంఘ పెద్ద. పాట ఎత్తగానే పక్కవాళ్ళ చేతులు చూసి తనూ చప్పట్లు కొట్టేవాడు. చూసి కొట్టాలి గనక ఆయన చప్పట ఎప్పుడూ కాస్త వెనకపడేది. అందరివీ ఒక్కసారిగా పడ్డాక, వాటి వెనకే ఒంటరిగా ఒకటి. రాళ్ళు పట్టి కాయలు కాసిన చేతులు కదా, చెక్క మీద చెక్క పడినట్టు మొద్దుగా ఉండేది ఆ చప్పుడు.

చిన్నపిల్లలు నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం దానికి అలవాటు పడిపోయారు. అలవాటే కాదు, మా సంఘంలో అదొక పద్ధతయిపోయింది. పాట ముగిశాక నాయన చివరి చప్పట పడేదాకా అందరూ ఆగేవాళ్ళు. అది పడ్డాకే పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టేవారు. ఇలా ఆగడం నేను మరే చర్చిలోనూ చూడలేదు.

నా తమ్ముడు శామ్యూల్ ఆ చర్చిలోనే కీబోర్డు నేర్చుకున్నాడు. నాకు పెళ్ళయి కర్నూలు పక్కన కల్లూరుకు కాపురానికి వచ్చాక, వాడు డిగ్రీ చదువుతానని మా ఇంటికి వచ్చాడు. చదువు సగంలో వదిలేసి మస్తాన్ భాయ్ దగ్గర చేరాడు. పెళ్ళిళ్ళకు మైకులు, సౌండు పెట్టెలు అద్దెకిచ్చే మనిషి ఆయన. రెండు వేల అయిదు, ఆరు ప్రాంతం అది. డీజే అనే మాట అప్పుడప్పుడే మా వైపుకు వస్తోంది. శెట్ల పెళ్ళిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాల్లో మా వాడు కావాలని అడిగేవాళ్ళు. వినాయకుడి ఊరేగింపుకు కూడా వాయించాడని తెలిసి, సంఘంలో కొందరు నా మొహం మీదే అడిగారు. నేను తల దించుకున్నాను గానీ వాణ్ణి ఇంట్లోంచి పొమ్మనలేదు.

సినిమా పాటలకు దరువు కలపడం వాడికి ఇష్టం ఉండేది కాదు. సొంత సంగీతం చెయ్యాలని వాడి కోరిక. మా మేడ మీద గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని, మస్తాన్ భాయ్ ఇచ్చిన రెండు పెట్టెలు తగిలించుకుని, ఎండాకాలం మధ్యాహ్నాలు కూడా తలుపు మూసుకుని చేసేవాడు. ఒకసారి విని అడిగాను.

“దీంట్లో మాటలేవిరా?”

“మాటల్లేవక్కా. ఆడేదానికి చేసింది.”

“మాటల్లేకుండా పాటేందిరా?”

“కాళ్ళకు మాటలెందుకక్కా? నువ్వు పిల్లోళ్ళకు వాక్యం చెప్పుకో, కాళ్ళకు నేను చెప్పుకుంటా.”

కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది నాకు.

నాయన ఒకసారి కల్లూరు వచ్చినప్పుడు ఆ గదిలోకి వెళ్ళాడు. సంఘంవాళ్ళలా ఇది సాతాను పాట అనలేదు. సౌండు పెట్టె మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. దరువు చేతికి తగులుతుంటే తల కూడా ఆడించాడు. తర్వాత తన చెవి మీద వేలితో కొట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపాడు.

“చెవులు పోతాయి నాయనా. నాకు పోయినట్టే పోతాయి.”

“నీది తూటాల పని నాయనా. నాది సంగీతం” అని శామ్యూల్ నవ్వాడు.

నాయన వాడి పెదవులు చూసి అన్నాడు. “పెట్టెలో నుంచి వచ్చినా దెబ్బ దెబ్బే కదప్పా. ఇడిసిపెట్టు.”

వాడు విడిచిపెట్టలేదు. నాయన మళ్ళీ ఎప్పుడు కలిసినా, ఫోటో తీయించుకునేటప్పుడు సైతం, వాడి వైపు చూసి చెవి మీద వేలితో కొట్టి చూపించేవాడు.

ఆ తర్వాత వేసవిలో నాయన జ్వరంతో పోయాడు. సమాధి దగ్గర పాట అయిపోయాక, అలవాటు కొద్దీ సంఘమంతా ఆగింది. ఏ చప్పుడూ లేదు. అయ్యగారికి ప్రార్థన మొదలుపెట్టడానికి నోరు రాలేదు. శామ్యూల్ కొట్టబోయినట్టు చేతులెత్తి, కొట్టలేక దించేశాడు.

నాయన పోవడానికి కొద్దిరోజుల ముందే వాడికి ఒక మంచి అవకాశం వచ్చింది. బెంగళూరులో డాన్సు క్లబ్బు నడిపే ఒకాయన, కడపలో పెళ్ళికి వచ్చి వీడు వాయించింది విన్నాడు. నీ సొంతది ఒకటి సీడీ మీద పంపించు, బాగుంటే మా దగ్గరే పెట్టుకుంటాను అన్నాడు. ఇన్నేళ్ళూ వాడు ఎదురుచూసింది దానికోసమే. నాయన కోసం పెట్టిన ఆదరణ కూటం అయిపోగానే కల్లూరు వచ్చి పనిలో కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నం తీసుకుని పైకి వెళ్ళాను. వాడు గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు.

“అక్కా, ఇది విను. నేనేం చెప్పను. నువ్వే విను.”

వాడు చేసింది మోగింది. మిషన్ దరువు, దాంతో పాటు మిషన్ చప్పట్లు, గీత గీసినట్టు పడుతున్నాయి. వాటి వెనకే, కాస్త ఆలస్యంగా, మొద్దుగా ఒక చప్పట. మళ్ళీ మిషన్. మళ్ళీ వెనకే అది.

నా చేతిలో పళ్ళెం కింద పెట్టేశాను. “నాయన చప్పట్లు ఎప్పుడు రికార్డు చేసినావురా?”

“చెయ్యలేదక్కా. దేవుని తోడు, నేను చెయ్యలేదు.”

కంప్యూటర్ తెర మీద చూపించాడు. ఒక్కో శబ్దానికి ఒక్కో వరస ఉంది. ఒక్కోటీ ఆపుతూ వచ్చాడు. ఆ చప్పట ఏ వరసలోనూ లేదు. అన్నీ ఆపేస్తే నిశ్శబ్దం. ఏ ఒక్కటి నడిపినా దాని వెనక అది వచ్చేది. పెట్టెలు మార్చాడు, వైర్లు మార్చాడు. అంతా చెరిపేసి మొదటి నుంచి మళ్ళీ చేశాడు. సీడీ మీదికి ఎక్కించి కింద మా ఇంట్లో సీడీ ప్లేయర్‌లో పెట్టి చూశాం. అందులోనూ ఉంది.

మేమిద్దరం దుఃఖంలో ఉన్నాం గనక మాకు అలా వినిపిస్తోందేమో అని నాకు తోచింది. అందుకే మస్తాన్ భాయ్‌ని పిలిపించాను. ఆయన మా నాయనను ఎప్పుడూ చూడలేదు. మేము ఒక్క మాట కూడా ముందుగా చెప్పలేదు. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విని పకపకా నవ్వాడు.

“ఎవరప్పా ఈయన? బీటు తెలీకుండా కొడతాండాడు. మా మామ ఖవాలీలో కొట్టినట్టే ఉండాది. తీసేయ్ శామూ, పాట చెడగొడతాండాడు.”

మస్తాన్ భాయ్ ఇంకా వింటూ మొహం చిట్లించాడు. “ఆయనను తర్వాత చూస్తువులే. ముందు ఆ కీచు చప్పుడు ఆపప్పా. చెవిలో సూది పెట్టినట్టుండాది.”

నిజమే. పెట్టెలోంచి సన్నటి కీచు వస్తోంది. నేను గదిలో అడుగు పెట్టినప్పుడే విన్నాను గానీ, అది పాటలోదే అనుకున్నాను.

“ఏ చప్పుడు భాయ్?” అన్నాడు శామ్యూల్.

మస్తాన్ భాయ్ నా వైపు చూశాడు. వైరు కదిలించి కీచును ఇంకా పెంచాడు. నేను చెవులు మూసుకున్నాను. శామ్యూల్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు, నాయన పెదవులు చూసినట్టే చూస్తున్నాడు.

“ఏమైతాండాది? ఏం వింటాండారు మీరు?”

కర్నూల్లో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. పరీక్ష చేసి, పైస్థాయి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయన్నాడు. పోయినవి రావు, ఈ పని ఇలాగే చేస్తే మిగిలింది కూడా పోతుంది, ఇప్పుడే ఆపేస్తే నిలుస్తుంది అన్నాడు.

తర్వాత చాలా రోజులు గదిలో ఒక్కడే ఉన్నాడు. తలుపు బయట నిలబడి ప్రార్థన చేసుకునేదాన్ని. ఆ పాట మోగేది, ఆగేది. ఆ వెనక చప్పట నాకు మెట్ల కిందికి కూడా వినబడేది. ఒక ఉదయం వాడే కిందికి దిగి వచ్చి, మస్తాన్ భాయ్‌కి ఫోన్ చెయ్యక్కా, పెట్టెలు తీసుకుపొమ్మను అన్నాడు.

ఆయన వచ్చాడు. వైర్లు పీకే ముందు శామ్యూల్ చివరిసారిగా ఆ పాట పెట్టాడు.

దరువు నడిచింది. మిషన్ చప్పట్లు పడ్డాయి. వాటి వెనక ఏమీ లేదు.

మస్తాన్ భాయ్ సంతోషించాడు. “పోయినాడే ఆయన! శానా బాగుండాది శామూ ఇప్పుడు. పంపించు బెంగళూరుకు.”

ఆయనకు తెలియక అన్న మాట అది. నాకు మాత్రం సమాధి దగ్గర నిలబడినట్టే అనిపించింది. సీడీ తీసుకొచ్చి పెట్టాం. దాంట్లోనూ లేదు. మొన్న మేమిద్దరం విన్న అదే సీడీ.

ఇప్పుడు పాటలో ఏ లోపమూ లేదు. పంపించవచ్చు. వాడు ఆ సీడీని తీసి నాకిచ్చేశాడు. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కల్లూరులో మా అయ్యగారికి అంతా చెప్పాను. మృతులు లేవరమ్మా, మోసపరిచే ఆత్మ అయ్యుంటుంది అన్నారు. ఇంటికి వచ్చి ఆ గదిలో ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అన్నాను. కానీ మోసపరిచే ఆత్మకు నా తమ్ముడి చెవులు కాపాడాల్సిన పనేముంది? పోనీ, దేవుడే పంపాడనుకుందామంటే, వాడి జీవితంలో ఉన్న ఒక్క సంతోషాన్ని ఆయన ఎందుకు తీసుకుంటాడు? ఈ రెండింటి మధ్య నేను ఇప్పటికీ మోకాళ్ళ మీదే ఉన్నాను.

శామ్యూల్ పల్లెకు వెళ్ళిపోయాడు. కమలాపురంలో ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అంగట్లో రేడియో కూడా పెట్టడు. ఒకసారి, చెవులు మిగిలినాయి కదరా, దేవునికి స్తోత్రం చెప్పుకో అన్నాను.

“మిగిలినాయి లేక్కా. వాటితో ఇప్పుడు ఏం వినాల?” అన్నాడు.

ఊరికి పోయినప్పుడు చర్చిలో వాడి పక్కనే కూర్చుంటాను. నాయన కూర్చున్న చోటే వాడు కూర్చుంటాడు. పాట ముగిశాక సంఘం ఇప్పటికీ కాస్త ఆగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎందుకు ఆగుతున్నారో తెలియదు. నేను చెవులు రిక్కించుకుని ఉంటాను. బయట ఎండలో మేకల అరుపులు తప్ప నాకేమీ వినబడదు.

అందరూ తలలు వంచాక, శామ్యూల్ మాత్రం ఇంకా ఒక్క క్షణం తల ఎత్తే ఉంటాడు. ఆ తర్వాతే వంచుతాడు. ఏం విని వంచుతాడో నేను అడగలేదు.