నాగరత్న కీబోర్డుకు టేకు పెట్టె

1996లో నన్ను బెంగళూరు వైట్‌ఫీల్డ్ రోడ్డులోని ఒక ప్రభుత్వరంగ కార్ఖానాకు ప్యాటర్న్ షాపు ఫోర్‌మన్‌గా పంపారు. ఫోర్‌మన్ అంటే కార్మికులకు పైన, ఇంజనీర్లకు కింద. పని చెడితే రెండు వైపుల వాళ్ళూ తిట్టడానికి అనువైన చోటు అది. ప్యాటర్న్ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. ఒక పంపు పై డొప్పను లోహంతో పోత పోయాలంటే ముందు దాని రూపాన్ని చెక్కతో చేయాలి. ఆ చెక్కను ఇసుకలో అదిమి జాగ్రత్తగా పైకి తీస్తే అదే ఆకారంలో గుంట మిగులుతుంది. కరిగిన లోహాన్ని ఆ గుంటలో పోస్తారు. ఆ చెక్క రూపమే ప్యాటర్న్. దాన్ని చేసేవాడు వడ్రంగి కంటే ఎక్కువ, ఇంజనీరు కంటే తక్కువ అని పే స్కేలు చెప్పేది. నా అభిప్రాయం వేరు.

నేను చెప్పబోయేది ఆ తర్వాత మూడేళ్ళకు జరిగింది. గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా కార్ఖానాలో కంప్యూటర్ గది ఒకటి ఉండేది. దాన్ని ఇ.డి.పి. సెక్షన్ అనేవాళ్ళు. కార్మికుల హాజరు, జీతాలు, స్టోర్సులో సరుకు, అన్నీ అక్కడి ఆపరేటర్లు టైపు చేసి ఎక్కించాలి. ఆ ఆపరేటర్లలో నాగరత్న ఒకరు. పాత బెంగళూరు కబ్బన్‌పేటలో తరాలుగా మగ్గాలు నేసిన తెలుగు కుటుంబం ఆమెది. చిన్నప్పుడు నూలుకు రంగు అద్దే మరుగునీళ్ళలో ఎడమచెయ్యి పడి రెండు వేళ్ళ కొనలు కాలాయి. గాయం మానింది గానీ ఆ కొనలకు స్పర్శ తిరిగి రాలేదు. అయినా సెక్షన్‌లో ఆమె అంత వేగంగా, తప్పుల్లేకుండా కొట్టేవాళ్ళు లేరు. కారణం ఆమె కీబోర్డు.

అది కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల నాటిది, మెకానికల్ కీబోర్డు. ప్రతి మీట కింద విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు. మీట నొక్కితే టక్కుమంటుంది, ఆ అదురు వేలి ఎముక దాకా తెలుస్తుంది. చర్మానికి స్పర్శ లేకపోయినా చెవికీ ఎముకకూ అక్షరం పడిందని తెలిసిపోతుంది. ఆ ఏడు కొత్తగా తెప్పించిన కీబోర్డుల్లో స్ప్రింగులు లేవు, మీటల కింద మెత్తటి రబ్బరు పొర. చప్పుడు లేదు, అదురు లేదు. వాటి మీద నాగరత్న ఎడమచెయ్యి ఒక అక్షరాన్ని రెండుసార్లు కొట్టేది, లేదా అసలు కొట్టేది కాదు.

అదే ఏడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆపరేటర్లందరూ దసరా తర్వాత వేగ పరీక్ష రాయాలి. నెగ్గినవాళ్ళకు కొత్త గ్రేడు. తప్పినవాళ్ళను బొమ్మనహళ్ళి గోడౌన్‌కు సహాయకులుగా పంపుతారు. సహాయకులు అంటే మూటలు మోసేవాళ్ళు. ఉత్తర్వులో ఒక వాక్యం మాత్రం గుర్తుంచుకోండి. ఎవరి సీటులో ఏ యంత్రం ఉంటే దాని మీదే వాళ్ళు పరీక్ష రాయాలి. యంత్రాలు అటూ ఇటూ మార్చే శ్రమ తప్పించుకోవడానికి ఇ.డి.పి. మేనేజరు తానే రాయించిన వాక్యం అది.

సరిగ్గా అప్పుడే నాగరత్న కీబోర్డు ప్లాస్టిక్ డొప్ప పగిలింది. లోపలి స్విచ్చిలు, అవి నిలబడిన ఉక్కు పలక చెక్కుచెదరలేదు. మేనేజరు చూసి, పాత సామాను కదా, పారేసి రబ్బరుది తీసుకోమన్నాడు. ఆమె ఆ పలకను పాత తువాలులో చుట్టుకుని మా షాపుకు వచ్చింది.

"అన్నా, దీనికి ఇల్లు ఒకటి కట్టియ్యి. ఇది ఉంటే నేను ఉంటాను. లేకుంటే గోడౌనే" అంది.

మా షాపులో అప్పటికే పని తగ్గింది. పోతలు బయట చేయించుకోవడం మొదలుపెట్టారు. టేకు ముక్కలు మూలన పడి ఉన్నాయి. మా సీనియర్ ప్యాటర్న్ మేకర్ మునియప్ప ఆ పలకను తువాలులోంచి తీసి, నాలుగైదు మీటలు నొక్కి, ఆ చప్పుడు విని, నన్ను అడగకుండానే చెక్క ఏరడానికి వెళ్ళాడు.

చేసిన పద్ధతి చెబుతాను. ఒకే వెడల్పాటి పలకను తొలిచేస్తే సులువే, కానీ వానాకాలం వచ్చేసరికి అది వంకర తిరుగుతుంది. అందుకని టేకును సన్నటి పట్టీలుగా కోసి, చెక్క నార పోయే దిక్కు ఒకదానికొకటి ఎదురుగా ఉండేట్టు తిప్పి అతికించాం. ఆ దిమ్మను లోపల తొలిచి ఉక్కు పలక కూర్చునే అంచు తీశాం. ఉక్కు పెరగదు, చెక్క తడికి పెరుగుతుంది. కాబట్టి ఒక పక్క మరచీలల రంధ్రాలు గుండ్రంగా, రెండో పక్కవి కొంచెం కోలగా పెట్టాం, చెక్క కదిలినా పలక బిగుసుకోకుండా. ముందు అంచును మణికట్టు ఆనడానికి నున్నగా వంపు తిప్పాం. ఎడమవైపు కాస్త ఎత్తు ఎక్కువ. అది నాగరత్నను కూర్చోబెట్టి, ఆమె చెయ్యి వాలే తీరు చూసి మునియప్ప నిర్ణయించిన ఎత్తు.

మొదటి పెట్టె మాత్రం పనికిరాలేదు. మా షాపులో మామూలు స్కేలు ఉండదు. లోహం చల్లారితే కుదించుకుపోతుంది కాబట్టి, ఆ మేరకు ముందే సాగదీసి గీతలు కొట్టిన స్కేళ్ళతోనే మేం కొలుస్తాం. మునియప్ప ముప్పై ఏళ్ళ అలవాటుతో అల్యూమినియం పోతలకు వాడే స్కేలు అందుకున్నాడు. పెట్టె చూడముచ్చటగా వచ్చింది. పలక పెడితే చేటలో రాళ్ళలాగా కదిలింది. ఇంచుమించు పావు అంగుళం ఖాళీ.

"ఇది చల్లారేది లేదు కదప్పా" అన్నాడు మునియప్ప, తనలో తాను. తర్వాత డ్రాయింగ్ ఆఫీసు నుంచి మామూలు స్కేలు తెప్పించి మళ్ళీ మొదలుపెట్టాడు.

రెండోది అతికినట్టు కుదిరింది. లక్క పాలిష్ పట్టించి, అడుగున ఉన్ని గుడ్డ అంటించి ఇచ్చాం. కొత్త కంప్యూటర్‌కు తగిలించడానికి చిన్న మార్పిడి ప్లగ్గు చాలింది. టేకులో ఆ మీటల చప్పుడు ప్లాస్టిక్‌లో కంటే లోతుగా వినిపించేది. నాగరత్న వేగం మునుపటికంటే పెరిగింది. కథ ఇక్కడితో అయిపోవాలి. మన ఆఫీసులు అలా అవనిస్తాయా?

ఆయుధపూజకు ముందు వారం విదేశీ అతిథులు వచ్చారు. జనరల్ మేనేజరు వాళ్ళకు కార్ఖానా అంతా తిప్పి చూపించాడు. కంప్యూటర్ గదిలో ఒక అతిథి ఆ టేకు పెట్టెను నిమిరి చాలా బాగుందన్నాడట. అంతే. మర్నాడు నాగరత్న భోజనం చేసి వచ్చేసరికి ఆమె బల్ల మీద రబ్బరు కీబోర్డు ఉంది. టేకు పెట్టె, లోపలి కీబోర్డుతో సహా, కార్ఖానా ముఖద్వారం దగ్గరి అద్దాల బీరువాలోకి వెళ్ళింది. కింద ఇత్తడి పలక మీద 'మన కార్మికుల హస్తకౌశలం' అని చెక్కించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె చేతికింది పనిముట్టును తీసి దారినపోయేవాళ్ళకు చూపించడం ఏం మర్యాద? ఆ బీరువాలో దాన్ని వెలిగించడానికి ఒక బల్బు కూడా పెట్టారు.

నేను ఇ.డి.పి. మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మనిషి మర్యాదస్థుడే, కుర్చీ చూపించాడు. పరీక్ష దగ్గరికొచ్చింది, ఆమె వేళ్ళ సంగతి మీకు తెలుసు, కీబోర్డు తిరిగి ఇప్పించండి అన్నాను. అది జనరల్ మేనేజరుగారి ఇష్టం అన్నాడు. పైగా ఆపరేటర్లందరికీ ఒకే రకం కీబోర్డు ఉండటమే న్యాయం అన్నాడు. అందరికీ ఒకే కొలత చెప్పులు ఇచ్చి అదీ న్యాయమేనంటారా అని అడిగాను. చెక్కకు చెదలు పడతాయని, ఎలక్ట్రానిక్ గదిలో చెక్క సామాను నిషేధమని ఏదో చెప్పాడు. ఆయన కూర్చున్న కుర్చీ, ముందున్న బల్ల రెండూ చెక్కవే. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడితో ఎంతసేపు మాట్లాడతాం? లేచి వచ్చేశాను.

జనరల్ మేనేజరు దగ్గర ఇంకా ఘోరం. నేను పెట్టె గురించి నోరు తెరవగానే, పొగడ్తకు వచ్చాననుకుని చెయ్యి కలిపాడు. మీ షాపుకు ప్రశంసాపత్రం ఇప్పిస్తున్నానన్నాడు. నాగరత్న పరీక్ష సంగతి చెబితే, అది సెక్షన్ వ్యవహారం, మేనేజరుతో మాట్లాడుకోండి అన్నాడు. ఆ ప్రశంసాపత్రం మా షాపు గోడకు తగిలించారు. దాని వైపు వీపు పెట్టి పనిచేయమని మావాళ్ళకు చెప్పాను.

నాగరత్న ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. రబ్బరు కీబోర్డు మీద సాధన చేసింది. తప్పులు తగ్గలేదు. గోడౌన్‌కు వెళ్ళే బస్సు ఏదో కనుక్కోవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. దారి మాత్రం తోచలేదు. దారి చూపించింది మునియప్ప.

"సార్, పూజ వస్తా ఉండాది గదా. ఆయుధం ఏడుండల్ల? పనిచేసే మనిషి దగ్గర ఉండల్ల. గాజు పెట్టెలో ఉంటే దానికి పూజ ఎట్ల చేసేది?" అన్నాడు.

బెంగళూరు కార్ఖానాల్లో ఆయుధపూజ అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. సంవత్సరమంతా కొట్లాడుకునే యూనియన్లు కూడా ఆ రోజు ఒక్కటవుతాయి. ప్రతి లేతు, ప్రతి సుత్తి, క్యాంటీన్ గరిటె, అధికారుల కార్లు, అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, బూడిద గుమ్మడికాయ కొడతారు. ఏ పనిముట్టుకు ఆ పనిముట్టు ఉన్నచోటే, దాన్ని వాడే మనిషి చేతుల మీదుగానే పూజ జరగాలి. పూజలో పెట్టినదాన్ని సెలవులు అయ్యేదాకా ఎవరూ కదపరు. తిరిగి పని మొదలయ్యే రోజు ఆ మనిషే మొదట దాన్ని ముట్టుకోవాలి. ఇది ఏ నిబంధనల్లోనూ లేదు. నిబంధనలన్నీ తోసిపారేసే అధికారి కూడా దీన్ని తోసిపారేయడు.

కార్ఖానాలో పూజ పండుగ సెలవులకు ముందటి పని రోజునే. ఆ పొద్దున మునియప్ప, ఇంకో ఇద్దరు, పూలపళ్ళెం పట్టుకుని ముఖద్వారానికి వెళ్ళారు. కంప్యూటర్ గది ఆయుధం ఇక్కడ చిక్కుకుపోయింది, పూజకు తీసుకెళ్ళాలి అన్నారు. సెక్యూరిటీ మనిషి చెప్పులు విడిచి బీరువా తీశాడు. కంప్యూటర్ గదిలో రబ్బరు కీబోర్డును పక్కన పెట్టి, నాగరత్న స్వయంగా టేకు పెట్టెను తన బల్ల మీద పెట్టుకుంది, తీగ తగిలించింది. చెక్క అంచున గంధం బొట్టు పెట్టింది. మీటల మీద పసుపూ నీళ్ళూ పడకుండా తువాలు కప్పింది.

మధ్యాహ్నం జనరల్ మేనేజరు సెక్షన్లన్నీ తిరుగుతూ ప్రసాదం తీసుకుంటూ వచ్చాడు. పెట్టెను చూసి ఆగాడు. ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని మేనేజరును అడిగాడు. మేనేజరు, పూజకని వచ్చి గోడవారగా నిలబడిన నావైపు చూశాడు. నాగరత్న లేచి నిలబడింది.

"నా ఆయుధం సార్ ఇది. మీ కారుకు పొద్దున మీరే నిమ్మకాయ తొక్కించినారు గదా. దాన్ని వేరేవాళ్ళ ఇంటి ముందర పెట్టి పూజ చేస్తారా? నాది నా దగ్గరే ఉండల్ల" అంది. గొంతు పెంచలేదు.

గది నిండా మనుషులు ఉన్నారు. జనరల్ మేనేజరు చేతులు జోడించి, పళ్ళెంలోంచి ఒక బంతిపువ్వు తీసి పెట్టె మీద పెట్టి ముందుకు నడిచాడు. ఆయన పువ్వు పెట్టిన తర్వాత దాన్ని తీయించే ధైర్యం మేనేజరుకు ఎక్కడిది?

సెలవుల తర్వాత మొదటి పని రోజే పరీక్ష. ఉత్తర్వు ప్రకారం, సీటులో ఉన్న యంత్రం మీదే రాయాలి. నాగరత్న బంతిపువ్వు తీసి పక్కన పెట్టి రాసింది. నెగ్గింది. పదవీవిరమణ దాకా ఆ గదిలోనే, ఆ కీబోర్డు మీదే పనిచేసింది.

అయితే బీరువా ఖాళీ అయింది, ఇత్తడి పలక మిగిలింది. ముఖద్వారానికి అలాంటిదే ఇంకొకటి చేసి పంపమని నాకు ఆదేశం వచ్చింది. ఎవరికి కావాలో అడిగాను. చూడటానికి అన్నారు. సరే, చూడటానికే చేసి ఇచ్చాం. మునియప్ప ఒక టేకు దిమ్మను తీసుకుని, అడ్డంగా నిలువుగా గాడ్లు కొట్టి మీటలు చెక్కి, అక్షరాలు దించాడు. లోపల స్విచ్చి లేదు, స్ప్రింగు లేదు, పలక లేదు. ఒకే ముక్క. ప్యాటర్న్ మేకర్‌కు అది ఎడమచేతి పని.

రెండేళ్ళకు మా ప్యాటర్న్ షాపు మూసేశారు. తరతరాల ప్యాటర్న్‌లు వంటచెరుకు కింద పోయాయి. ఆ దిమ్మ మాత్రం బల్బు వెలుగులో అలాగే ఉంది. నేను విరమించిన రోజున కూడా ఒక అధికారి ఎవరో అతిథులకు దాన్ని చూపించి, ఇది మా కార్మికులు చేసిన కీబోర్డు, ఎంత బాగా పనిచేస్తుందో అని చెబుతున్నాడు. అన్నేళ్ళలో ఎవరూ దాని మీట ఒక్కటి నొక్కి చూడలేదు.

ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. పనిముట్టు బాగుందని ఎవరైనా అంటే, దాన్ని వాడారా అని అడుగుతాను. వాడనివాళ్ళ మెప్పును, ప్రశంసాపత్రం మీద రాసి ఇచ్చినా సరే, లెక్కలోకి తీసుకోను.