అక్క కుంటలో యానాం చేపలు

"ఒరే చంటీ, మా కుంట నిండిందిరా! నువ్వొచ్చేటప్పుడు చేపపిల్లలు పట్రా" అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను యానాం మెట్టకూరులో నా కొట్లో ఫ్యాను రెక్కలు తుడుచుకుంటున్నాను. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేయడం నా పని. అక్క సత్యవతి ఉండేది అనంతపురం జిల్లాలో, వానని నమ్ముకున్న ఒక మెట్ట ఊళ్ళో. బావ ఓబులేసు ఒకప్పుడు బోరు లారీతో పాటు యానాం వచ్చాడు. మా పెరట్లో నాలుగు గొట్టాలు దించేసరికే నీళ్ళు ఎగదన్నడం చూసి నోరెళ్ళబెట్టాడు. ఆ నోరు మూసేలోపే అక్కనీ చూశాడు. ఏటి ఒడ్డున పెరిగిన పిల్లని నీళ్ళు లేని చోటికి ఇచ్చామని మా అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది. అందుకే కుంట నిండిందనగానే మా ఇంట్లో పాయసం వండారు.

కొట్లో పనులు తెమలడానికి నాకు నెల పట్టింది. బయల్దేరిన రోజు పొద్దున్నే అడవిపొలంలో చేపల చెరువున్నాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు కలిపి పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి ఇచ్చాడు. "రేపు మజ్జానం దాకా ఢోకా లేదండి, ఆయ్. ఎండ మాత్రం తగలనివ్వకండి" అన్నాడు. సంచికి తడి గోనె చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తొమ్మిదిన్నరకి కాకినాడ బస్సెక్కాను.

కండక్టరు నా ఒళ్ళోకి చూసి, "అది గానీ కారిందంటే బస్సు మీరే కడగాలండోయ్" అన్నాడు. ఈ దారిన చేపలతో వెళ్ళేవారెవరైనా ఉంటే ఒక సలహా: ఇంజను పక్క సీటు ఎంత ఖాళీగా ఉన్నా కూర్చోకండి. ఆ వేడికి చేపలకంటే ముందు మనం ఉడుకుతాం. కాకినాడలో బస్సు మారి సామర్లకోట చేరేసరికి పన్నెండు దాటింది. స్టేషను ఎదుట హోటల్లో భోజనం చేశాను. సాంబారు బాగుంది, కూర గురించి మాట్లాడకపోవడమే మంచిది.

మూడు దాటాక రైలొచ్చింది. స్లీపరు బోగీలో నా ఎదుటి సీటు గుంటూరులో దిగాల్సిన ఒక పెద్దావిడది. కొక్కేనికి తగిలించిన సంచిని ఎగాదిగా చూసి, "పులుసుకి కూడా పనికిరావు గదయ్యా!" అంది.

"తినడానికి కాదండి, పెంచడానికి. అనంతపురం పట్టుకెళ్తున్నాను."

"అక్కడ మనుషులకే నీళ్ళు లేవంటారు, వీటికెక్కడ తెస్తావు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా అక్కకి సొంత కుంట ఉందండి. నిండా నీళ్ళు!" అన్నాను కాస్త గట్టిగానే. ఆవిడ ఏమనుకుందో ఏమో, అప్పట్నుంచి చేపల బాధ్యతంతా తనే తీసుకుంది. ఎండ పడుతోందని తన తువ్వాలు అడ్డం కట్టింది. సంచిని వేలితో పొడవబోయిన ఒకాయన్ని, "మీ పొట్టలో పొడిస్తే ఎలా ఉంటుంది?" అని కసిరింది. రాజమండ్రి వంతెన మీద బండి వెళ్తుంటే సంచిని కిటికీ దగ్గరికి తెమ్మని, "చూసుకోండి తల్లీ, మళ్ళీ చూస్తారో లేదో" అని చేపలకి గోదావరిని చూపించింది. గుంటూరులో దిగేముందు నాకు కాదు, వాటికి జాగ్రత్తలు చెప్పింది.

తెల్లవారి అనంతపురంలో దిగి, బస్టాండులో ఇడ్లీ తిని, ఆరున్నర బస్సెక్కితే ఎనిమిదింటికి అక్క ఊరి మలుపు దగ్గర దించాడు. బావ బండి మీద ఎదురొచ్చాడు.

"ఏం బామ్మర్దీ, బాగుండావా? ఏందప్పా ఆ మూట?"

"చేపపిల్లలు బావా! మీ కుంటలో వదలడానికి."

బావ ముఖం వాడిపోయింది. "ఈ పొద్దు కుంట తోడాల కదప్పా" అన్నాడు.

"తోడి ఏం చేస్తావు? ఇంకా చేపలే వెయ్యలేదుగా!" అన్నాను. మా వైపు చెరువు తోడేది చేపలు పట్టడానికే. వేరే పనికి కూడా తోడతారని నాకు తట్టనే లేదు. బావ జాలిగా చూసి బండెక్కమన్నాడు.

దారిలో చేను చూపించాడు. కింద వేరుశనగ, మధ్యమధ్యలో కంది సాళ్ళు, గట్టు పైన కొర్ర. మా వాళ్ళ అలవాటు కొద్దీ వరి ఎక్కడని అడిగాను.

"వరా! కుంట మొత్తం దానికే పెడితే వారంలో గుటకాయస్వాహా. శెనక్కాయకైతే ఆ నీళ్ళతో ఒక మంచి తడి వస్తాది. కంది ఎట్లో బతుకుతాది, కొర్రకి మంచు చాలు. ఈ శెనక్కాయకే ఇప్పుడు నీళ్ళు కావాల. నువ్వు ఫోన్లో విన్న వానే ఆఖరు వాన. నెలాయ, చుక్క లేదు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన టయిము. నేల రాయైపోయింది. ఈ రెండు రోజుల్లో తడి పెట్టకపోతే కాయ ఉండదు, ఎద్దులకి మేతే."

నా చేతిలో సంచి ఒక్కసారిగా బరువెక్కింది. చేపలు ఇప్పుడొద్దని ఎలాగైనా అక్కకి నచ్చజెప్పాలనుకున్నాను. కానీ బండి ఆగీ ఆగకముందే అక్క వచ్చి సంచి లాక్కుంది. కుంట ఇంటి ముందే ఉంది, అడుగున నల్ల పట్టా పరిచారు. అక్క సంచిని కాసేపు నీళ్ళ మీద తేలనిచ్చి, మూతి విప్పి చేపల్ని వదిలేసింది. తర్వాత గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు తోడండి చూద్దాం" అంది.

బావ గట్టు మీదున్న డీజిలు పంపు ఇంజను తిప్పాడు. అది దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గింది. ఇద్దరూ నావైపు తిరిగారు.

"బామ్మర్దీ, నీ పని ఇదే కదా, చూడు."

"ఒరే, దాని మీద చెయ్యేశావంటే చూడు!"

"నాకు కరెంటు మోటార్లే తెలుసు" అని నసిగాను. పచ్చి అబద్ధం. డీజిలు గొట్టంలో గాలి చేరిందని చప్పుడు విన్నప్పుడే తెలిసింది. పదింటికి అక్క రాగిసంగటి, పచ్చడి పెట్టింది. నాకు రెండు ముద్దలు, బావకి ఒకటి. ఆకలి మీదున్నాను గనక ఆ అన్యాయాన్ని నేను ఖండించలేదు.

తింటుంటే అక్క నెమ్మదిగా అంది. "ఇరవయ్యేళ్ళ తర్వాత పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు కనపడుతున్నాయిరా చంటీ. ఆ నీళ్ళు చూస్తే మనూళ్ళో ఉన్నట్టుంటది. చేపలుంటే ఈయన తోడరనుకున్నాను, అంతే." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

బావ సగం ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. ఇంజను తిప్పే హ్యాండిల్ ఊడదీసి గోనెలో చుట్టాడు. "ఉండనీలే నీళ్ళు. ఒక్క యేడాది శెనక్కాయ లేకుంటే సచ్చిపోతామా? కంది ఉంది కదా" అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుని చేలోకి వెళ్ళింది. ఒక మొక్క పీక్కొచ్చి మా ముందు పడేసింది. ఊడలు నేల చేరలేక గాల్లోనే ఎండుతున్నాయి.

"నీకు మతిపోయిందా ఏమయ్యా? వేలెడంత చేపల కోసం పంట ఎండగడతావా? తియ్యి హ్యాండిలు!"

"తియ్యను. నీళ్ళు ఉండాల్సిందే."

"ఎద్దులకి వడ్డిస్తావా పంటంతా?"

"వడ్డిస్తా. నా ఎద్దులు, నా ఇష్టం."

పొద్దున పోట్లాడినంత గట్టిగానే ఇప్పుడు పక్షాలు మార్చుకుని పోట్లాడుకుంటున్నారు. ఇలా అయితే సాయంత్రానికి మళ్ళీ మొదటికి వస్తారని భయమేసింది. బావ అక్కకి సమాధానం చెప్పే హడావిడిలో ఉండగా గోనెలోంచి హ్యాండిల్ లాగి, గొట్టంలో గాలి తీసేసి, ఇంజను తిప్పాను. తొలి తిప్పుకే అందుకుంది. చేలో స్ప్రింక్లర్లు చిమ్మడం మొదలుపెట్టగానే బావ పోట్లాట వదిలేసి గొట్టాలు సర్దడానికి పరిగెత్తాడు. చేపపిల్లలు లోపలికి పోకుండా, నీళ్ళు పీల్చే గొట్టం మూతికి అక్కే పాత దోమతెర కట్టింది.

మధ్యాహ్నానికి కుంటలో మోకాలి లోతు మిగిలింది. అక్కా నేనూ పాత చీర చెరో కొస పట్టుకుని దిగాం, చిన్నప్పుడు కాలవల్లో పట్టినట్టే. సాయం చేస్తానని బావ కూడా దిగబోయాడు. పట్టా మీద పాకుడుకి జర్రున జారి, మా చీరలోకే వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు అక్క నవ్వడం అదే మొదలు. చిక్కిన చేపలన్నిటినీ ఎద్దులు నీళ్ళు తాగే సిమెంటు తొట్టిలో వేశాం. పొద్దుగూకేసరికి చేనంతా నల్లగా తడిసింది, కుంట అడుగు బయటపడింది. అక్క తలుపు దగ్గర నిలబడి ఆ ఖాళీ కుంటని చూసింది. దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. అక్క ఒక సంచినిండా పోయినేటి వేరుశనక్కాయలు కట్టింది. ఉదయం రైలు రాజమండ్రి చేరుతుండగా ఫోన్ మోగింది.

"గోదావరి వచ్చిందేంట్రా? వీడియో పెట్టు."

ఫోను కిటికీకి ఆనించాను. ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రగా పొంగి పోతోంది. తెరలో అక్క ముఖం, వెనక తొట్టి, తొట్టికి బారెడు దూరంలో బెదిరిపోయి నిలబడ్డ ఎద్దు కనపడ్డాయి.

"చేపలు మూతి పొడిచినాయని రాత్రి నుంచి తాగడం లేదు సామీ" అంటూ బావ తెరలోకి వచ్చాడు. గోదావరిని చూసి ఆగిపోయాడు.

"ఇన్ని నీళ్ళు ఊరికే పోతాండాయే! ఒక్కడన్నా ఇంజను పెట్టలేదా బామ్మర్దీ?"

"ఎవరూ పెట్టకండి. కాసేపు చూడనీ" అంది అక్క.

వంతెన అయిపోయేదాకా ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. ఆ పైన సిగ్నల్ పోయింది.

కాకినాడ నుంచి యానాం బస్సులో వాన అందుకుంది. నా పక్కసీటాయన "ఎదవ వాన, ఎప్పుడు తగ్గుద్దో ఏంటో" అని విసుక్కున్నాడు. నేనాయనతో యానాం దాకా పోట్లాడాను.